ప్రయాణ సందేహాలు: న్యూరెంబర్గ్ సంతకు అక్కాతమ్ముళ్లు

ప్రశ్న: మా తమ్ముడు మ్యూనిక్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. 2026 డిసెంబరు 24న అక్కడ దిగి, 25, 26 తేదీల్లో ఇద్దరం కలిసి న్యూరెంబర్గ్ క్రిస్మస్ మార్కెట్ చూడాలనుకుంటున్నాం. రెండు రోజులు సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: విమానం టికెట్టు ఇంకా తీయకపోతే ముందు తేదీలు మార్చుకోండి. మీరు వెళ్లేసరికి అక్కడ సంత ఉండదు. మనకు సందడంతా పండగనాడే. అక్కడ పండగకు ముందు నాలుగు వారాలూ సందడి, పండగనాడు అందరూ ఇళ్లలోనే. న్యూరెంబర్గ్ సంతను 24 మధ్యాహ్నం రెండింటికే మూసేస్తారు. 25, 26 సెలవులు, ఈసారి 27 ఆదివారం. అంటే వరసగా మూడు రోజులు దుకాణాలు ఉండవు, పాల ప్యాకెట్టుకు కూడా తిప్పలే.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటిదానికి ముందు శుక్రవారం సంత తెరుస్తారు. 2026లో అది నవంబరు 27. ఆ సాయంత్రం అయిదున్నరకు ఫ్రావెన్‌కిర్షె చర్చి మీది నుంచి క్రిస్ట్‌కిండ్ (పిల్లలకు కానుకలు తెచ్చే దేవదూతలాంటి పాత్ర) వేషంలో ఒక అమ్మాయి ప్రారంభ వాక్యాలు చదువుతుంది. చూడముచ్చటైనదే, కానీ కాలు కదపలేనంత జనం. మొదటి రెండు వారాల్లో సోమవారం నుంచి గురువారం లోపు ఒక రోజు పెట్టుకోండి. ఒక్క రోజు చాలు.

మ్యూనిక్ నుంచి బయర్న్ టికెట్ (ఆ రాష్ట్రంలో ఒక రోజంతా తిరిగే రైలు టికెట్టు) కొంటే ఖర్చు తగ్గుతుంది. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది నుంచే అది చెల్లుతుంది, ప్రాంతీయ రైళ్లలోనే చెల్లుతుంది. పొరపాటున ఐసీఈ అనే వేగపు రైలు ఎక్కితే జరిమానా. టికెట్టు మీద పేరు రాయకపోయినా చెల్లదు. మీ తమ్ముడి దగ్గర డాయిష్‌లాండ్ టికెట్ (దేశమంతా చెల్లే నెలవారీ పాసు) ఉంటే అది అతనికి మాత్రమే, మీకు ఒక్కరికే బయర్న్ టికెట్ తీసుకుంటే సరిపోతుంది. తొమ్మిది దాటగానే రైలెక్కితే పదకొండు ప్రాంతంలో దిగుతారు. స్టేషన్ నుంచి సంత జరిగే హౌప్ట్‌మార్క్ట్ కూడలికి పావుగంట నడక. పన్నెండుకు ఫ్రావెన్‌కిర్షె గడియారంలోంచి చక్రవర్తిని ఎన్నుకునే ఏడుగురు ప్రభువుల బొమ్మలు వచ్చి ఆయన బొమ్మ చుట్టూ తిరుగుతాయి, దాన్ని వదులుకోవద్దు. నాలుగుంబావుకల్లా పొద్దు గుంకుతుంది. అప్పటిదాకా కొనుగోళ్లు, ఆ తర్వాత దీపాల వెలుగు చూడటం. ఆరు దాటితే జనం ఒత్తిడి పెరుగుతుంది.

ఒకరినొకరు తప్పిపోతే కలుసుకోవడానికి చోటు ముందే అనుకోండి. బంగారు పూతల ఫౌంటెన్ దగ్గర వద్దు, అందరూ అక్కడే ఉంటారు. సంతకు బయట లోరెంజ్‌కిర్షె చర్చి గుమ్మం మేలు. చలికి ఫోను ఛార్జి ఇట్టే దిగిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. చిన్న మడత చాకు అయినా సరే, సంచిలో ఉంచొద్దు. సంతల్లోకి కత్తులు తీసుకెళ్లడం అక్కడ చట్టం ప్రకారం నిషేధం.

ప్రశ్న: ఎన్ని స్వెట్టర్లు పట్టుకెళ్లాలి?
– అదే పాఠకురాలు

జవాబు: స్వెట్టర్ల కంటే బూట్ల గురించి ఆలోచించండి. చలి రాతి నేల మీంచి పాదాల్లోకి ఎక్కుతుంది. మందపాటి అడుగున్న బూట్లు, ఒకే ఒక్క జత ఉన్ని మేజోళ్లు. రెండు మూడు జతలు వేస్తే బూటు బిగిసి, రక్తం సరిగా ఆడక పాదాలు ఇంకా చల్లబడతాయి. ఒంటికి నూలు బనియన్ వద్దు, చెమట పీల్చి తడిగానే ఉంటుంది.

ప్రశ్న: నేను శాకాహారిని, మద్యం ముట్టను. అక్కడ తినడానికి ఏముంటుంది?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఆ ఊరి పేరున్న తిండి వేలంత సాసేజ్‌లు, మూడింటిని ఒక బన్నులో పెట్టి ఇస్తారు. అది పంది మాంసం. మీకు పాకం పట్టిన వేడి బాదం, కాల్చిన మరోని (చెస్ట్‌నట్) గింజలు ఉన్నాయి. కార్టోఫెల్‌పుఫర్ అనే ఆలుగడ్డ అట్టును ఆపిల్ గుజ్జుతో ఇస్తారు. దాని పిండిలో గుడ్డు కలుపుతారు కాబట్టి “మిట్ ఐ?” (గుడ్డుతోనా?) అని అడగండి. “ఓనె ఫ్లైష్” అంటే మాంసం లేకుండా.

గ్లూవైన్ వేడి ద్రాక్షసారా, కనీసం 7 శాతం ఆల్కహాలు. వాసన మన మసాలా టీలా ఉంటుంది గానీ మోసపోవద్దు. కిండర్‌పున్ష్ అని అడిగితే మద్యం లేనిది ఇస్తారు. ఏది తాగినా కప్పుకు కొన్ని యూరోల డిపాజిట్ తీసుకుంటారు, దాన్ని “ఫాండ్” అంటారు. కప్పుతో పాటు చిన్న బిళ్ల ఇస్తే పారేయకండి, తిరిగిచ్చేటప్పుడు రెండూ ఉండాలి. కప్పు నచ్చితే డిపాజిట్ వదిలేసి ఇంటికి తెచ్చుకోవచ్చు. చాలా కొట్లలో కార్డు నడవదు, చిల్లర నోట్లు ఉంచుకోండి.

ప్రశ్న: ఇంటికి ఏం తెస్తే బాగుంటుంది?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: లేబ్‌కూహెన్ అనే మసాలా బిస్కెట్లు. డబ్బా మీద “ఎలీజెన్” అని ఉందేమో చూడండి. ఆ పేరుండాలంటే కనీసం 25 శాతం బాదం, హాజెల్‌నట్, వాల్‌నట్ లాంటి పప్పులుండాలి, పిండి 10 శాతం దాటకూడదు. మెడలో వేసుకునే గుండె ఆకారపు రొట్టెలు గట్టివి, చూడటానికే. చాక్లెట్ పూత కంటే పంచదార పూతవి మన ఎండకు తట్టుకుంటాయి. ఎండిపోతే డబ్బాలో ఒక ఆపిల్ ముక్క వేసి ఉంచండి, మెత్తబడతాయి. ముక్కను రెండు రోజులకోసారి మార్చకపోతే బూజు పడుతుంది.

మంచు రాలే గాజు గోళాలు చేతి సంచిలో వద్దు. లోపల ఉన్నది ద్రవం, 100 మిల్లీలీటర్లు దాటితే విమానాశ్రయంలోనే తీసేయొచ్చు. మేజోడులో చుట్టి చెక్‌-ఇన్ పెట్టెలో మధ్యన పెట్టండి.