హంతకుడి బాల్యం రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. నీ మొదటి నవలలోని హంతకుడు పాఠకులకు బాగా గుర్తుండిపోయాడనీ, "వాడు చిన్నప్పుడు ఎలా ఉండేవాడు, అలా ఎందుకు తయారయ్యాడు" అని చాలామంది అడుగుతున్నారనీ, అందుకే వాడి బాల్యాన్ని విడిగా ఒక నవలగా రాస్తున్నాననీ చెప్పావు. వాళ్లు అలా అడగడంలో తప్పేమీ లేదు. నువ్వు ఇవ్వబోతున్న జవాబుతోనే నాకు పేచీ.

మూడు అధ్యాయాల్లో ఏముంది? తాగొచ్చి బెల్టుతో కొట్టే తండ్రి. నోరెత్తని తల్లి. బళ్లో ఏడిపించే పిల్లలు. వాడు ఒక కుక్కపిల్లను చంపడం. ఆ తర్వాత తల్లి చావు. ప్రతి అధ్యాయం ఒక దెబ్బతో ముగుస్తుంది, ప్రతి దెబ్బా మొదటి నవలలోని ఏదో ఒక హత్యకు కారణంగా సరిపోతుంది. ఇన్ని దెబ్బలు తిన్నవాడు ఇంకేమవుతాడులే అని పాఠకుడు అనుకోవాలని నీ ఉద్దేశం. నేను మాత్రం చదువుతున్నంతసేపూ పిల్లాడి కోసం వెతుక్కున్నాను. వాడికి ఏం తినడం ఇష్టమో, ఎవరితో ఆడుకుంటాడో, దేనికి నవ్వుతాడో మూడు అధ్యాయాలు పూర్తయ్యాక కూడా నాకు తెలియలేదు.

నీకన్నా ముందు ఇదే పనికి చాలా పెద్ద రచయిత పూనుకున్నాడు. మనుషుల్ని చంపి తినే డాక్టర్ హానిబల్ లెక్టర్ అనే పాత్రను పుట్టించిన నవలాకారుడు థామస్ హారిస్. ఆయన సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

1981లో వచ్చిన 'రెడ్ డ్రాగన్' నవలలో లెక్టర్‌ది చిన్న పాత్రే. 1988లో 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' నవల వచ్చింది, 1991లో సినిమా అయింది. ఆ సినిమాలో లెక్టర్‌గా నటించిన ఆంథొనీ హాప్కిన్స్ తెరమీద ఉండేది అరగంట లోపే. అయినా ఉత్తమ నటుడిగా ఆస్కార్ ఆయనకే వచ్చింది. ఆ నవలలో ఒక చోట, అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ.లో శిక్షణలో ఉన్న క్లారిస్ స్టార్లింగ్ ప్రశ్నల పత్రం పట్టుకుని బందీగా ఉన్న లెక్టర్ గది ముందుకు వస్తుంది. ఇతను ఇలా ఎందుకయ్యాడో తెలుసుకోవాలని ఆమె తాపత్రయం. లెక్టర్ ఒప్పుకోడు. నాకేమీ జరగలేదు, నేనే జరిగాను అంటాడు. కొన్ని ప్రభావాల కూడికగా నన్ను తేల్చేయలేవు అంటాడు. ఆ పేజీ చదివి పుస్తకం పక్కన పెట్టేసి కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. ఏదో ఒక కారణం చెప్పి ఉంటే మన మనసు కుదుటపడేది. లెక్టర్ మనకు ఆ ఊరట ఇవ్వడు, అతని బలమంతా అక్కడే ఉంది.

అదే హారిస్ 1999లో 'హానిబల్' నవలలో అతనికి మీషా అనే చెల్లెల్ని ఇచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్లు ఆకలికి తాళలేక ఆ పసిపిల్లను చంపి తిన్నారని రాశాడు. నిర్మాత డీనో డి లారెంటిస్‌కు అందులో ఇంకో సినిమా కనిపించింది. నువ్వు రాయకపోతే ఇంకొకరి చేత రాయిస్తానని హారిస్‌కు చెప్పేశానని ఆయనే పత్రికల వాళ్లతో అన్నాడు. 2006లో 'హానిబల్ రైజింగ్' నవల, 2007లో పీటర్ వెబర్ దర్శకత్వంలో సినిమా వచ్చాయి. స్క్రీన్‌ప్లే కూడా హారిసే రాశాడు. యువకుడైన లెక్టర్‌గా గాస్పార్ ఉలియేల్ నటించాడు.

ఆ సినిమాలో మొదటి భాగం మళ్లీ చూడు. 1944, లిథువేనియా. కుటుంబం కోట వదిలి అడవిలోని వేట బంగళాలో తలదాచుకుంటుంది. తల్లిదండ్రులు అక్కడే చనిపోతారు. దోపిడీగాళ్లు వచ్చి పడతారు. ఆ తర్వాత సోవియట్ ప్రభుత్వం వీళ్ల కోటనే అనాథాశ్రమం చేస్తుంది, ఆ పిల్లాడు తన సొంత ఇంట్లోనే అనాథగా పెరుగుతాడు. పగలు నోట మాట రాదు. రాత్రి నిద్రలో చెల్లెలి పేరు పెట్టి అరుస్తాడు. ఇక్కడ నిజంగా ఒక పిల్లాడున్నాడు. ఒకప్పుడు తను పరిగెత్తిన గదుల్లోనే ఇప్పుడు వరసలో నిలబడాలి, అరిస్తే ఏడిపించేవాళ్లున్నారు, చెప్పుకుందామంటే గొంతు పెగలదు. హారిస్ ఇక్కడే ఇంకో వంద పేజీలు ఆగి ఉంటే ఆ పుస్తకం గొప్పదయ్యేదని నా నమ్మకం.

ఆయన ఆగలేదు. కుర్రాడు ఫ్రాన్సుకు పారిపోతాడు, పినతండ్రి భార్య లేడీ మురసాకి దగ్గర పెరుగుతాడు, వైద్యం చదువుతాడు. చెల్లెల్ని తిన్నవాళ్లను ఒక్కొక్కరినీ వెతికి చంపుతాడు. తమ్ముడూ, ఈ కథ మనకు కొత్తా? చిన్నప్పుడు కుటుంబాన్ని పోగొట్టుకున్నవాడు పెద్దయ్యాక శత్రువుల్ని వరసపెట్టి చంపే కథను మనం ఇంటర్వెల్ తర్వాతి ఫ్లాష్‌బ్యాక్‌లో ఎన్నిసార్లు చూడలేదు! అది హీరో కథ. అందులో చచ్చేవాళ్లందరూ చావదగ్గవాళ్లే. మురసాకిని అవమానించిన కసాయి, యుద్ధంలో దుర్మార్గాలు చేసినవాళ్లు, ఒక్క అమాయకుడు ఉండడు. చూస్తున్న మనం హాయిగా వాడి పక్షాన నిలబడిపోతాం. ఇదే మనిషి తర్వాత రోజుల్లో కేవలం మర్యాద తెలియదన్న కోపానికి జనాన్ని చంపుతాడు కదా, ఆ మనిషికీ ఈ కుర్రాడికీ మధ్య దారి ఏది? సినిమా చెప్పదు. చెప్పవలసింది అదొక్కటే.

ఆ కథలోనే పోపిల్ అనే పోలీసు అధికారి ఒక మాట అంటాడు. చెల్లెల్ని కాపాడబోయిన ఆ చిన్నపిల్లాడు మంచులోనే చనిపోయాడని, ఇప్పుడు మిగిలిన దాన్ని ఏమనాలో ఇంకా మాట పుట్టలేదని. కథ ఆ మాట దగ్గర నిలబడి ఉండాల్సింది. పగ తీర్చుకునేవాడు అని దానికి ఒక సులువైన పేరు పెట్టేసి ముందుకు వెళ్లిపోయింది.

ఇంకొకటి కూడా నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. లిథువేనియాలో ఆ 1941-44 మధ్య అక్కడి యూదుల్లో నూటికి తొంభైమందికి పైగా చంపేశారు. నాజీలతో చేతులు కలిపిన స్థానికులు కూడా ఆ పనిలో ఉన్నారు. అదే కాలంలో కన్నవాళ్లను కళ్ల ముందే పోగొట్టుకుని, అడవుల్లో దాక్కుని బతికి బయటపడ్డ పిల్లలున్నారు. వాళ్లు పెరిగి పెద్దయి టీచర్లయ్యారు, డాక్టర్లయ్యారు, పిల్లల్ని కన్నారు. అంత బాధ పడ్డవాడు రాక్షసుడు కావడం సహజమే అని కథ చెప్పినప్పుడు, ఆ పిల్లలందరి మీదా ఒక అన్యాయమైన నింద పడుతుంది. నీ నవలలోనూ ఇదే ప్రమాదం ఉంది. తాగొచ్చే తండ్రి చేతిలో దెబ్బలు తిన్న పిల్లలు మన ప్రతి వీధిలోనూ ఉన్నారు. రేపు నీ పుస్తకం వాళ్లే చదువుతారు. "నాలాంటివాడు ఇలాగే అవుతాడన్నమాట" అని వాళ్లకు అనిపిస్తే ఆ పాపం మనదే.

అసలు లెక్టర్ ఎలా పుట్టాడో తెలుసా? హారిస్ చాలా ఏళ్ల తర్వాత, 2013లో, 'ది సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్' ఇరవై అయిదేళ్ల ప్రత్యేక ముద్రణకు రాసిన ముందుమాటలో చెప్పాడు. కుర్ర విలేకరిగా ఉన్నప్పుడు మెక్సికోలోని మాంటెరే జైలుకు ఒక ఖైదీని ఇంటర్వ్యూ చేయడానికి వెళ్లాడు. అక్కడ ఒక డాక్టరుతో మాట్లాడాడు. చక్కగా తయారై ఉన్న మనిషి, మాటతీరు పొందిక. ఆ ఖైదీ మనస్తత్వం గురించి అతను అడిగిన ప్రశ్నలు హారిస్‌ను కట్టిపడేశాయి. జైలు డాక్టరనే అనుకున్నాడు. బయటికి వచ్చాక తెలిసింది, అతనే ఒక హంతకుడని, అక్కడే శిక్ష అనుభవిస్తున్నాడని. చూశావా, లెక్టర్ పుట్టుకలో బాల్యం లేదు, గాయం లేదు. ఎదుటి మనిషిని ఒక విలేకరి శ్రద్ధగా గమనించడం ఉంది. నువ్వూ పిల్లల్ని అలా గమనించు. రాయడానికి ముందు కొన్నాళ్లు స్కూలు వదిలే టైముకు గేటు దగ్గర నిలబడు.

ఇప్పుడు కుక్కపిల్ల సంగతి. అది తీసెయ్. పక్క తడపడం, నిప్పు పెట్టడం, జంతువుల్ని హింసించడం ఈ మూడూ ఉంటే పెద్దయ్యాక హంతకుడవుతాడనే నమ్మకం 1963లో మాక్‌డొనాల్డ్ అనే మనోరోగ వైద్యుడి వ్యాసంతో మొదలైంది. ఆయన పరిశీలించింది చంపుతామని బెదిరించిన రోగుల్ని, అదీ వందమందిని. తర్వాత జరిగిన పరిశోధనలు ఆ మూడు లక్షణాలతో భవిష్యత్తు చెప్పవచ్చన్న నమ్మకాన్ని నిలబెట్టలేదు. సినిమాలు మాత్రం దాన్ని వదల్లేదు. 1978 నాటి 'హాలోవీన్'లో ఆరేళ్ల మైకేల్ మయర్స్ అక్కను పొడిచి ఇంటి బయటికి వస్తాడు. తల్లిదండ్రులు మొహం మీది మాస్క్ తీస్తారు. కింద జోకరు బట్టల్లో మామూలు పిల్లాడు, చేతిలో కత్తి. అంతే, దర్శకుడు జాన్ కార్పెంటర్ ఇంకేమీ చెప్పడు. 2007లో రాబ్ జాంబీ అదే కథ మళ్లీ తీసినప్పుడు తల్లితో కలిసి ఉంటూ తిట్టే మనిషి, బళ్లో ఏడిపించేవాళ్లు, చంపిన జంతువులు అన్నీ తెచ్చిపెట్టాడు. మైకేల్ గురించి మనకు తెలిసింది పెరిగింది, మైకేల్ అంటే భయం తగ్గింది.

అలాగని బాల్యమే రాయొద్దని నేను అనడం లేదు. బాగా చేసినవాళ్లున్నారు. 1960 నాటి 'సైకో' సినిమా చివర ఒక మనోవైద్యుడు హంతకుడైన నార్మన్ బేట్స్ గురించి అన్నీ విడమరిచి చెప్పేస్తాడు. నార్మన్ వయసు కుర్రాడిగా, తల్లి నోర్మా ఇంకా బతికి ఉండగా జరిగే కథను 2013 నుంచి 2017 వరకు 'బేట్స్ మోటెల్' సీరియల్ అయిదు సీజన్లు చెప్పింది. నోర్మా అందులో రాక్షసి కాదు. కొడుకంటే ప్రాణం, నవ్విస్తుంది, వంట చేసి పెడుతుంది, వాడి తప్పులు దాచిపెడుతుంది. ఆ ప్రేమే వాడికి ఊపిరాడనివ్వదు. నాలుగో సీజన్లో నార్మన్‌ను మానసిక వైద్యం కోసం ఒక సంస్థలో చేరుస్తారు. ఆఖరికి ఏమవుతుందో మనకు ముందే తెలుసు, అయినా ఈసారి బాగుపడతాడేమో అని ఆశపడతాం. ఆ ఆశ పుట్టించగలిగావా, నీ నవల గట్టెక్కినట్టే.

మన పురాణాల్లో కూడా ఇలాంటి ముందుకథ ఒకటుంది. హిరణ్యకశిపుడు, రావణుడు ఎందుకలా పుట్టారంటే జయవిజయుల శాపం చెబుతారు. జనం చెప్పుకునే కథలో ఏడు జన్మలు భక్తులుగా ఉంటారా, మూడు జన్మలు శత్రువులుగా ఉంటారా అని వాళ్లను అడిగితే, తొందరగా తిరిగి రావచ్చని వాళ్లే శత్రుత్వం కోరుకున్నారు. శాపం ఉంది, దాని లోపల ఎంపిక కూడా ఉంది. నీ పిల్లాడికి నువ్వు శాపం మాత్రమే ఇచ్చావు. ఎంచుకునే అవకాశం ఒక్కసారి కూడా ఇవ్వలేదు.

కాబట్టి రెండో అధ్యాయం తిరగరాయి. బెల్టు దెబ్బలు పేజీన్నర రాశావు, వద్దు. ఆ రైల్వే క్వార్టర్స్ ఇంట్లో సాయంత్రం వాడు దేనికోసం చెవులు రిక్కించి కూర్చుంటాడో అది రాయి. తండ్రి స్కూటర్ స్టాండ్ వేసే చప్పుడు. నెమ్మదిగా వేస్తే ఇవాళ పర్వాలేదు. ఒక్క ఊపున తన్ని వేస్తే పుస్తకాలు సర్దుకుని పక్కింటికి వెళ్లిపోవాలి. ఏడేళ్లవాడికి ఆ తేడా తెలుసు, చెల్లెలికి తెలియదు, కాబట్టి దాన్ని చెయ్యి పట్టుకుని లాక్కెళతాడు. ఇంత రాస్తే చాలు, తండ్రి ఎలాంటివాడో పాఠకుడికి అర్థమవుతుంది. పిల్లాడి తెలివీ అర్థమవుతుంది, చెల్లెలి మీది ప్రేమా అర్థమవుతుంది. ఇదే చెవి, ఇదే ఓపిక పెద్దయ్యాక వాడు హత్యలకు వాడుకుంటాడని నువ్వెక్కడా రాయకు. మొదటి నవల చదివినవాళ్లు వాళ్లంతట వాళ్లే పోల్చుకుంటారు.

పక్కింటావిడను ఒక్క వాక్యంలో వదిలేశావు. ఆవిడ నాకు కావాలి. వాడికి అన్నం పెట్టిన మనిషి ఆవిడ. వాడు వేరే మనిషిగా మారగలిగే వీలు ఎక్కడైనా ఉందంటే ఆవిడ వంటింట్లోనే ఉంది. ఒకరోజు వాడు ఆవిడ దగ్గర ఏదో దొంగతనం చేసి దొరకాలి, ఆవిడ తిట్టకుండా అడగాలి, వాడు అబద్ధమాడాలి. దెబ్బల భయంతో ఆడే అబద్ధం కాకూడదది. అబద్ధం ఆడటం బాగుందని వాడికి మొదటిసారి అనిపించాలి. ఆ పేజీ రాయడం కష్టం, నాకు తెలుసు. ఎవరూ కొట్టకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా వాడు తనంతట తాను వేసే మొదటి అడుగు అది. నీ పుస్తకం మొత్తానికి అదే కీలకం.

తల్లి చావును నాలుగో అధ్యాయానికి జరుపు, ఆ సీన్‌లోని వాన తీసెయ్. చివరి అధ్యాయంలో వాడికి పద్నాలుగేళ్లు వచ్చేసరికి ఆపు. అక్కడి నుంచి మొదటి నవల దాకా ఉన్న పన్నెండేళ్లు ఖాళీగా వదిలెయ్. ఆ ఖాళీ గురించి పాఠకులు మళ్లీ అడుగుతారు, నువ్వు జవాబు చెప్పకు.

తొందరేమీ లేదు. పక్కింటావిడ సీన్ ఒక్కటి రాసి ముందు నాకు పంపు. మిగతావి దాని తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అక్క