ఆ రెండు గదుల వెంట్లు ముందు తెరువు

చిరంజీవి అమ్మడుకి, మావయ్య ఆశీస్సులు.

వాడని రెండు గదుల్లో సెంట్రల్ ఏసీ గాలి వచ్చే గ్రిల్లు, అదే వెంట్లు, మూసేశానని, ఇక బిల్లు తగ్గుతుందని నిన్న ఫోన్లో సంబరంగా చెప్పావు. నోటిమాటగా చెబితే సగం మర్చిపోతావని ఇలా రాస్తున్నాను. ముందు వెళ్లి ఆ వెంట్లు తెరిచిరా. మిగతాది తర్వాత చదువు.

వాడని కుళాయి కట్టేస్తే నీళ్లు మిగులుతాయి, లైటు ఆపేస్తే కరెంటు మిగులుతుంది. వెంటు కూడా అంతే అనిపించడం సహజం. కానీ ఇల్లంతటికీ గాలి తోసే బ్లోయర్ ఒక్కటే. ఎన్ని గదులు తెరిచి ఉన్నాయో దానికి తెలియదు. ఒక టన్ను కూలింగుకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి, దాన్ని చల్లబరిచే కాయిల్ మీదుగా పోవాలని లెక్క. మూడు టన్నుల మెషిన్ అయితే 1200. దారులు మూసేస్తే డక్టుల్లో, అంటే గదులకి గాలి మోసే గొట్టాల్లో, ప్రెషర్ పెరిగి, డబ్బు పెట్టి చల్లబరిచిన గాలి అతుకుల్లోంచి అటకలోకి, గోడల సందుల్లోకి పోతుంది. పాతరకం మోటారైతే తోసే గాలి తగ్గిపోతుంది. కొత్తరకం మోటారు అంత గాలీ ఎలాగైనా పంపాలని ఇంకా జోరుగా తిరిగి కరెంటు ఎక్కువ లాగుతుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్లు 2003లో ఈ విషయాన్నే పరిశీలించారు. వెంట్లు మూసేకొద్దీ ఖర్చు పెరిగిందే తప్ప తగ్గలేదు, అదీ ముఖ్యంగా డక్టుల లీకుల వల్లే.

మాకూ ఇది అనుభవమే. పిల్లలు చదువులకి వెళ్లిపోయాక మూడు గదుల వెంట్లు మూసేశాం. నడి ఎండాకాలంలో ఒకరోజు ఇల్లు చల్లబడటం మానేసింది. వెంటు దగ్గర చెయ్యి పెడితే గాలి తగిలీ తగలనట్టు వస్తోంది. మెషిన్ దగ్గరికి వెళ్తే రాగి గొట్టం చుట్టూ వేలి మందాన తెల్లటి మంచు! కాయిల్ మీదికి చాలినంత వెచ్చటి గాలి రాక, దాని మీది తడి గడ్డకట్టింది. ఆ గడ్డ వచ్చే కాస్త గాలికీ అడ్డం పడింది. నీకెప్పుడైనా అలా అయితే మంచుని గీకకు, కాయిల్ పాడవుతుంది. కూలింగ్ ఆపేసి, ఫ్యాన్ ఒక్కటే ఆన్‌లో పెట్టి, కింద పాత తువ్వాళ్లు పరిచి, కరిగేదాకా కొన్ని గంటలు ఓపిక పట్టు.

చలికాలంలో ఇంకా జాగ్రత్త. గాలి చాలకపోతే ఇంటిని వేడిచేసే గ్యాస్ ఫర్నేస్ లోపల విపరీతంగా వేడెక్కి, సేఫ్టీ స్విచ్ దాన్ని మాటిమాటికీ ఆపేస్తుంది. అలా పదేపదే జరిగితే లోపలి లోహం పగుళ్లిచ్చి, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వచ్చే ప్రమాదం ఉంది. దానికి రంగూ వాసనా ఉండవు. మీ ఇంట్లో దాని అలారం ఉందా? లేకపోతే వెంట్ల సంగతి తర్వాత, ముందు అది పెట్టించు.

ఇక రిటర్న్. ఇంట్లో గాలిని వెనక్కి లాక్కునే గ్రిల్ అన్నమాట. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ఒక టిష్యూ కాగితం పట్టుకుని గ్రిల్ గ్రిల్ దగ్గరికీ వెళ్లు. ఎగిరితే గాలి వచ్చే వెంటు, అతుక్కుంటే రిటర్న్. చాలా ఇళ్లల్లో పాపం దీని ముందే సోఫా పెడతారు. కనీసం జానెడన్నా ఖాళీ వదులు. గదిలో రిటర్న్ లేకపోతే తలుపు బిగించినప్పుడు గాలి బయటికి పోదు, కొత్త గాలి లోపలికి రాదు. పగలు తలుపు ఓరగా ఉంచు, లేదా తలుపు కింద సందు కాస్త పెంచమని వడ్రంగికి చెప్పు.

ఒక గది మరీ చల్లగా ఉంటే వెంటు రెక్కల్ని కాస్తే వంచు, పూర్తిగా మూయకు. అంతకన్నా మంచిది, మెషిన్ దగ్గర ప్రతి డక్టు మీదా చిన్న పిడి ఉందేమో చూడు. అది డ్యాంపర్, అంటే డక్టులో గాలిని పెంచి తగ్గించే మూత. పిడి డక్టు పొడవునా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. మేడ ఉన్న ఇంట్లో ఎండాకాలం పై గదులకి, చలికాలం కింద గదులకి గాలి కాస్త ఎక్కువ పంపుకోవచ్చు. కొంచెం తిప్పి ఒక రోజు ఆగి చూడు, ఒకేసారి నాలుగూ తిప్పితే దేనివల్ల ఏమైందో తెలియదు.

డక్టు అతుకుల్లో గాలి పోతుంటే మాస్టిక్ అనే చిక్కటి జిగురు పూయించు, లేదా రేకు టేపు వేయించు. గుడ్డ టేపు ఎండి ఊడిపోతుంది. ఫిల్టర్ నెలకోసారి తీసి చూడు, మురికి పడితే మార్చెయ్యి. దాని మీది బాణం గుర్తు మెషిన్ వైపు ఉండాలి.

ఈ ఆదివారం టిష్యూ పట్టుకుని ఇల్లంతా తిరిగి, రిటర్న్‌లు ఎన్ని ఉన్నాయో ఫోన్ చేసి చెప్పు. ఫిల్టర్ సైజు దాని అట్ట అంచు మీద ఉంటుంది, అది కూడా రాసి పెట్టుకో.

మీ మావయ్య