వ్యాన్‌లో మనతో పాటు బీచ్‌ల వెంట తిరిగే పెంపుడు కుక్క సముద్రపు నీళ్లు తాగితే ఏమవుతుంది?

రెండు గుక్కలకైతే మహా అయితే విరేచనాలు. ఎక్కువ తాగితేనే ప్రమాదం. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. అది ఒంట్లోని నీటిని పేగుల్లోకి లాగేస్తుంది, రక్తంలో సోడియం పెరిగిపోతుంది. బంతిని నోట కరుచుకుని ఈదే కుక్క తాగకపోయినా నీళ్లు మింగుతూనే ఉంటుంది, చాలామంది గమనించేది కాదిది. కాబట్టి పావుగంటకోసారి ఆట ఆపించి, నీడలో మంచినీళ్లు పెట్టండి. కిలో బరువుకు రోజుకు 50–60 మి.లీ. మామూలు లెక్క; ఎండలో ఇంకా కావాలి, వ్యాన్‌లో ఆ మేరకు నిల్వ ఉండాలి. వాంతులు ఆగకపోయినా, తూలుతున్నా, వణుకుతున్నా వెంటనే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఈలోగా నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు: సోడియం ఒక్కసారిగా పడిపోతే మెదడు వాస్తుంది.