టాబ్లెట్‌కూ అన్‌లిమిటెడ్ ప్లాన్ తీసుకోవాలా?

ప్రశ్న: మా ఇంట్లో ముగ్గురం. నాకు, మా వారికి, కాలేజీలో చదివే మా అమ్మాయికి ఉన్న మూడు ఫోన్లకూ అన్‌లిమిటెడ్ డేటా ప్లాన్లే. ఈమధ్య ఒక టాబ్లెట్ కొన్నాం. దానికి కూడా విడిగా అన్‌లిమిటెడ్ సిమ్ తీసుకోమని కొన్నచోట గట్టిగా చెప్పారు. ‘ఒకసారి కట్టేస్తే టెన్షన్ ఉండదు కదా’ అని మా వారు కూడా అంటున్నారు. నేను గత మూడు నెలల బిల్లులు తీసి చూశాను. నా వాడకం ఏ నెలా 4 జీబీ దాటలేదు. ఆయనది 7, 8 జీబీ మధ్య ఉంది. అమ్మాయిది 38 జీబీ దాకా వచ్చింది. ఇంట్లో వైఫై ఉంది. ఇన్ని జీబీలకు ఇంత అని ఉండే స్లాబ్ ప్లాన్లకు మారడం మంచిదా? మారాక లిమిట్ దాటి పెద్ద బిల్లు వస్తే ఎలా?
– ఒక పాఠకురాలు

జవాబు: బిల్లులు తీసి, ఎవరి వాడకం ఎంతో విడివిడిగా రాశారు. చాలా సంతోషం. ఫోన్ ఖర్చు గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది ‘మేం బాగానే వాడతామండీ’ అంటారు. ఎన్ని జీబీలు అని అడిగితే చెప్పలేరు. మీరు లెక్క ఇచ్చారు కాబట్టి నేనూ సూటిగానే చెబుతాను. మీకు, మీ వారికి స్లాబ్ ప్లాన్ సరిపోతుంది. అమ్మాయి అన్‌లిమిటెడ్ ప్లాన్‌ను కదపకండి. టాబ్లెట్‌కు విడిగా సిమ్ ఇప్పుడే తీసుకోవద్దు.

మీ వారి మాటను మాత్రం తేలిగ్గా తీసిపారేయలేను. చాలామంది అలాగే ఆలోచిస్తారు. తక్కువ వాడుతూ కూడా అన్‌లిమిటెడ్ ప్లాన్‌కే డబ్బు కడుతూ ఉండటాన్ని ఆర్థికవేత్తలు ‘ఫ్లాట్ రేట్ బయాస్’ అంటారు. ఆన్యా లాంబ్రెక్ట్, బెర్న్‌ట్ స్కీరా అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఇంటర్నెట్ చందాదారుల బిల్లులను పరిశీలించి దీని గురించి రాశారు. వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకదాని పేరు ‘టాక్సీ మీటర్ ఎఫెక్ట్’. టాక్సీలో కూర్చున్నాక మీటర్ తిరుగుతూ కనిపిస్తుంటే ప్రయాణం మీద మనసు నిలవదు. డేటా కూడా అంతే. ఎంత మిగిలిందో చూసుకుంటూ పాట వినాలంటే ఆ పాటలో హాయి ఉండదు. రెండో కారణం భయం. ఏదో ఒక నెల ఎక్కువ వాడేస్తామేమోనని ప్రతి నెలా ఎక్కువ కడతాం. మూడోది, మన వాడకాన్ని మనమే ఎక్కువగా ఊహించుకోవడం. మూడో కారణం మీ ఇంట్లో లేదు, మీరు కొలిచి చూశారు కాబట్టి. మొదటి రెండూ ఉన్నాయి. ఆ మనశ్శాంతికి ఎంత కడుతున్నారో చూద్దాం.

మీరు బిల్లు మొత్తం రాయలేదు. అందుకని ఒక ఫోన్ అన్‌లిమిటెడ్ ప్లాన్ ధర నెలకు 100 అనుకుందాం. 10 జీబీ స్లాబ్ 60, అది అయిపోతే వేసుకునే 2 జీబీ అదనపు ప్యాక్ 10 అనుకుందాం. మీ బిల్లులోని అసలు అంకెలు పెట్టి ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

మీ వారు 10 జీబీ స్లాబ్‌కు మారితే ఏడాదికి 720. ఏ ప్రయాణం వల్లో, ఇంట్లో వైఫై పాడవడం వల్లో రెండు నెలలు స్లాబ్ కన్నా 6 జీబీల చొప్పున ఎక్కువ వాడారనుకుందాం. నెలకు మూడు ప్యాకుల చొప్పున 60 అదనం. మొత్తం 780. అన్‌లిమిటెడ్‌కు ఏడాదికి 1200. ‘దాటిపోయిన’ నెలలను కలుపుకున్నా 420 మిగులుతోంది. అంటే నాలుగు నెలల బిల్లు కన్నా ఎక్కువ. ఆయన ప్రతి నెలా 18 జీబీ దాటి వాడితే తప్ప ఈ ధరల్లో అన్‌లిమిటెడ్ ఆయనకు లాభం కాదు. ఆయన వాడేది 8. ఇదే లెక్క అమ్మాయికి వేస్తే ఫలితం తిరగబడుతుంది. 38 జీబీ కావాలంటే స్లాబ్ 60, పైన 14 ప్యాకులకు 140, మొత్తం 200. ఆమెకు 100తో పోయేదానికి రెట్టింపు కట్టినట్టు. ఒకే ఇంట్లో ముగ్గురికీ ఒకే రకం ప్లాన్ ఉండాలని ఎక్కడా లేదు.

స్లాబ్ ఎంచుకునేటప్పుడు ఈ మూడు నెలల్లో ఎక్కువ వాడిన నెలను తీసుకుని, దానికి పావు వంతు కలపండి. మీకు 5 జీబీ, ఆయనకు 10. పెద్ద స్లాబ్‌లో జీబీ ధర తక్కువ పడుతుందని చూపిస్తారు. అది ప్లాన్‌లో ఉన్న జీబీ ధర. మీకు కావాల్సింది వాడిన జీబీ ధర. 4 జీబీ వాడే మీరు 20 జీబీ కొంటే మిగతా 16 జీబీల ‘చవక’ మీకు దేనికీ పనికిరాదు. మిగిలినది వచ్చే నెలకు కలిసే ప్లాన్ అయితే కొంత నయం. కానీ ప్రతి నెలా మిగిలేవాళ్లకు అది మళ్లీ మిగిలిపోవడమే.

ఇక మీ అసలు భయం, పెద్ద బిల్లు. మొత్తం నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. లిమిట్ దాటాక జరిగేది ఏ ప్లాన్‌లోనైనా మూడింటిలో ఒకటి: డేటా ఆగిపోతుంది, స్పీడ్ పడిపోతుంది, లేదా అదనంగా వాడిన ప్రతి ఎంబీకో జీబీకో ఛార్జీ పడుతుంది. మొదటి రెండింటిలో మీకు ఇబ్బందే తప్ప డబ్బు నష్టం లేదు. మూడోదానిలో నష్టానికి హద్దు లేదు. బీమా విషయంలో నేను ఎప్పుడూ చెప్పే మాటే ఇక్కడా చెబుతాను. తట్టుకోలేని నష్టానికి బీమా తీసుకోవాలి, తట్టుకోగలిగిన చిన్న చికాకుకు ప్రతి నెలా ప్రీమియం కట్టనక్కర్లేదు. కాబట్టి ఆగిపోయే ప్లాన్, లేదా స్పీడ్ తగ్గే ప్లాన్ తీసుకోండి. ఛార్జీ పడే ప్లాన్ ఒక్కటే దొరికితే ఫోన్‌లోనే అడ్డుకట్ట వేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా వాడకం సెట్టింగ్స్‌లో బిల్లు తేదీ, హెచ్చరిక రావాల్సిన చోటు, పూర్తిగా ఆగాల్సిన చోటు మనమే పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో కనిపించే వాడకం లెక్క నెల మారగానే దానంతట అది సున్నా కాదు. బిల్లు తేదీన మీరే రీసెట్ చేయాలి. ఈ సంగతి తెలియక, రెండేళ్ల వాడకాన్ని ఒక నెల వాడకం అనుకుని భయపడినవాళ్లను చూశాను.

స్పీడ్ తగ్గితే ఎంత తగ్గుతుందో కూడా చదవండి. చాలా ప్లాన్లలో 64 లేదా 128 కేబీపీఎస్ అని ఉంటుంది. 128 కేబీపీఎస్ అంటే గంటంతా ఆపకుండా లాగినా వచ్చేది 58 ఎంబీ లోపే. మెసేజ్‌లు వెళ్తాయి, డబ్బు పంపడం లాంటివి ఆలస్యంగానైనా జరుగుతాయి. వీడియో మాత్రం ఆడదు. సాధారణ నాణ్యత వీడియోకే దాదాపు ఎనిమిది రెట్ల స్పీడ్ కావాలి. మీలాంటివారికి నెలాఖరులో రెండు రోజులు ఇలా గడిచినా పెద్ద లోటు కాదు. ఇంట్లో వైఫై ఎలాగూ ఉంది.

అన్‌లిమిటెడ్ అన్న మాటను కూడా అలాగే నమ్మేయకండి. అమ్మాయి ప్లాన్ ఉంచమన్నాను కదా, ఆ ప్లాన్ షరతులు తప్పకుండా చదవండి. అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ 2010 జూన్‌లో కొత్త స్మార్ట్‌ఫోన్ ఖాతాదారులకు అన్‌లిమిటెడ్ ఆపేసి స్లాబులు తెచ్చింది. పాత ఖాతాదారులకు అన్‌లిమిటెడ్ అలాగే ఉంచింది గానీ, 2011 నుంచి ఎక్కువ వాడినవాళ్ల స్పీడ్ తగ్గించడం మొదలుపెట్టింది. అక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2014 అక్టోబర్‌లో కోర్టుకు వెళ్లింది. కనీసం 35 లక్షల మంది ఖాతాదారులకు ఇలా జరిగిందని ఆరోపించింది. చివరికి 2019లో 6 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. అన్నేళ్లు నడిచిన ఆ గొడవంతా అన్‌లిమిటెడ్ అన్న ఒక్క మాటకు అర్థం ఏమిటన్న దాని మీదే. డేటాకు హద్దు లేకపోయినా స్పీడ్‌కు ఉండొచ్చు, వీడియో నాణ్యతకు ఉండొచ్చు. అక్కడిదే మరో కంపెనీ టీ-మొబైల్ 2016లో తెచ్చిన అన్‌లిమిటెడ్ ప్లాన్‌లో వీడియో నాణ్యత 480పీ, అంటే హెచ్‌డీ కన్నా తక్కువ స్థాయి, దాటేది కాదు. ఫోన్ డేటాను ఇంకో పరికరానికి పంచే హాట్‌స్పాట్‌కైతే చాలాచోట్ల విడిగా ఒక పరిమితి ఉంటుంది.

ఈ హాట్‌స్పాట్ పరిమితే టాబ్లెట్ విషయంలో కీలకం. టాబ్లెట్ ఎక్కడ వాడతారు? ఇంట్లోనే అయితే వైఫై ఉంది, సిమ్ అక్కర్లేదు. బయట ఎప్పుడో ఒకసారి అయితే ఫోన్ హాట్‌స్పాట్ చాలు. రోజూ ఇంటి బయట, ఫోన్ దగ్గర లేకుండా, గంటల తరబడి పని చేసేవాళ్లకు మాత్రమే టాబ్లెట్‌కు విడి సిమ్ కావాలి. మీ ఉత్తరంలో అలాంటివారు ఎవరూ కనిపించలేదు. నా టాబ్లెట్‌కు నేను కూడా ఒకప్పుడు సిమ్ తీసుకున్నాను. ఏడాది పైగా కట్టాను. ఆ సిమ్‌తో నెట్ వాడిన రోజులు లెక్కపెడితే రెండు చేతుల వేళ్లకు సరిపోయాయి. అప్పటి నుంచి అడిగిన ప్రతివాళ్లకూ ఒకే మాట చెబుతున్నాను, టాబ్లెట్ కొన్న రోజున సిమ్ తీసుకోకండి. మూడు నెలలు వాడి చూడండి. కావాలనిపిస్తే అప్పుడు తీసుకోవచ్చు. సిమ్ పట్టే టాబ్లెట్ అయితే ఆ వీలు ఎక్కడికీ పోదు.

అయితే హాట్‌స్పాట్‌లో ఒక చిక్కు ఉంది. చాలాసార్లు టాబ్లెట్ దాన్ని మామూలు వైఫై అనుకుంటుంది. వైఫై దొరికింది కదా అని యాప్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ మొదలుపెడుతుంది. మీ 5 జీబీ స్లాబ్ ఒక్క సాయంత్రంలో ఖాళీ కావచ్చు. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కి ‘మీటర్డ్’ అని పెట్టండి. ఐప్యాడ్‌లో అయితే అదే చోట ‘లో డేటా మోడ్’ ఉంటుంది. ఈ పని తప్పకుండా చేయండి.

పెద్ద టాబ్లెట్ తెరకు వీడియో కూడా ఎక్కువ నాణ్యతతో వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం సాధారణ నాణ్యతలో గంటకు 1 జీబీ దాకా, హెచ్‌డీలో 3 జీబీ దాకా ఖర్చవుతుంది. పాటలకు ఇంత అవసరం లేదు. 160 కేబీపీఎస్ నాణ్యతలో గంటకు 72 ఎంబీ చాలు. రోజూ గంట చొప్పున నెలంతా పాటలు విన్నా అయ్యేది, ఒక్క సాయంత్రం గంటంపావు హెచ్‌డీ సినిమా చూస్తే అయ్యేదానికి ఇంకా తక్కువే. కాబట్టి మీరు, మీ వారు పాటలు, వార్తలు, మెసేజ్‌ల గురించి లెక్కలు చూసుకోనక్కర్లేదు. బయట ఉన్నప్పుడు చూసే వీడియో ఒక్కదాన్నే గమనిస్తే చాలు.

ఇంట్లో వైఫై ఉన్నా డేటా కారిపోయే దారి ఇంకొకటి ఉంది. నా సలహా మీద స్లాబ్ ప్లాన్‌కు మారిన ఒక జంటకు రెండో నెలలోనే అదనపు ఛార్జీలు పడ్డాయి. వాళ్లు చాలా ఆందోళన పడ్డారు, నాకూ బాధగా అనిపించింది. వెతికితే తేలింది ఇది. పడకగదిలో వైఫై బలహీనంగా ఉంది. అలాంటప్పుడు ఫోన్ దానంతట అది మొబైల్ డేటాకు మారే సౌకర్యం ఆన్‌లో ఉంది. ఐఫోన్‌లో దాని పేరు ‘వైఫై అసిస్ట్’, 2015 నుంచి ఉంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటిదే ఉంటుంది. రాత్రిళ్లు పక్కన పెట్టుకుని చూసిన వీడియోలన్నీ మొబైల్ డేటా మీద నడిచాయి. అది ఆపేశాక మళ్లీ ఎప్పుడూ లిమిట్ దాటలేదు. మారే ముందే మీ ఇద్దరి ఫోన్లలో దాన్ని ఆపేయండి. ఫోటోలు, వీడియోల బ్యాకప్‌ను ‘వైఫైలో మాత్రమే’ అని పెట్టండి.

కుటుంబమంతా కలిసి వాడుకునే ఉమ్మడి ప్లాన్ గురించి కూడా మీకు చెప్పే ఉంటారు. మీకు అది నేను సూచించను. అమ్మాయి వాడకం ఏ నెల పెరిగినా మీ ఇద్దరి డేటా కూడా అందులోనే పోతుంది, ఆ తర్వాత ఇంట్లో మాటా మాటా వస్తుంది. వేరువేరుగా ఉంటే ఎవరి లెక్క వాళ్లది.

అమ్మాయితో మాత్రం ఒకసారి మాట్లాడండి, మందలించడానికి కాదు. ఆ 38 జీబీలో ఎక్కువ భాగం హెచ్‌డీ వీడియోనే అయితే, ఫోన్ తెర మీద సాధారణ నాణ్యతకు మార్చినా తనకు పెద్ద తేడా తెలియకపోవచ్చు. నెలకు పది గంటలు చూస్తే ఆ ఒక్క మార్పుతో 30 జీబీ 10కి దిగుతుంది. అప్పుడు తనకూ ఒక మధ్య స్లాబ్ సరిపోవచ్చు. తనకు ఇష్టం లేకపోతే అన్‌లిమిటెడ్ అలాగే ఉంచండి. ఆ ఖర్చును నేను దుబారా అనను, తను నిజంగా వాడుతోంది.

అందరివీ ఒకేసారి మార్చొద్దు. వచ్చే బిల్లు తేదీ నుంచి ముందు మీ ఫోన్ ఒక్కటే మార్చండి, మీకు రిస్క్ అందరికన్నా తక్కువ. మారే ముందు రెండు విషయాలు అడగండి: నెల మధ్యలో అవసరమైతే పై స్లాబ్‌కు వెంటనే వెళ్లొచ్చా? ఇప్పుడున్న అన్‌లిమిటెడ్‌ను ఒకసారి వదిలేస్తే మళ్లీ ఇదే ధరకు ఇస్తారా? పాత ధరకు దొరికిన ప్లాన్లను వదులుకున్నాక కొత్తవాళ్లతో సమానంగా కట్టమనడం మామూలే. అందుకే రెండో ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. రెండు నెలలు గడిచాక మీ బిల్లు మీ వారికి చూపించండి. ఆయన టెన్షన్ దేని గురించో అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవచ్చు. ఆయన మారేదీ లేనిదీ ఆ తర్వాత ఆయన నిర్ణయానికే వదిలేయండి.