జ్ఞానదంతం తీయించుకునే ముందు ఆ ఎక్స్‌రే మీరూ చూడండి

"కింది జ్ఞానదంతం తీయాలన్నారు. ఓపీజీ తీశాక మళ్ళీ సీబీసీటీ స్కాన్ అంటున్నారు, డబ్బు గుంజడానికేనా?" అని ఒకరు అడిగారు. కొన్నిచోట్ల అయ్యుండొచ్చు. నా విషయంలో మాత్రం ఆ రెండో స్కానే నన్ను కాపాడింది. ఓపీజీ అంటే రెండు దవడలూ, పళ్ళన్నీ ఒకే బొమ్మలో పడే ఎక్స్‌రే. సీబీసీటీ అంటే దవడను త్రీడీలో చూపే స్కాన్.

నాకు కుడివైపు కింది జ్ఞానదంతం అడ్డంగా పడుకుని ఉండేది. రెండు మూడు నెలలకోసారి చిగురు వాచి నోరు తెరుచుకునేది కాదు. మొదట చూపించుకున్న చోట నోట్లో ఫిల్ము పెట్టి చిన్న ఎక్స్‌రే తీశారు. అందులో వేర్ల చివరలు పడనే లేదు. అయినా "రేపు టిఫిన్ తినేసి రండి, తీసేద్దాం" అన్నారు. మా అన్నయ్యకు ఇలాగే తీశాక కింది పెదవి ఒకపక్క నాలుగు నెలలు మొద్దుబారిపోయింది. టీ గడ్డం మీదికి కారినా తెలిసేది కాదు. అది కళ్ళారా చూశాను కాబట్టి నేను మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

విజయవాడలో ఇంకో డాక్టరు గారు ఓపీజీకి పంపారు. అక్కడ దిద్దులు తీయమంటే ఎడమ దిద్దు శీల బిగుసుకుపోయి రాలేదు. "ఉండనీ బాబూ, నొప్పి కుడివైపు కదా" అన్నాను. ఎక్స్‌రే తీసే ఆ అబ్బాయి ఒప్పుకోలేదు. "ఎడమ దిద్దు నీడ కుడివైపు కూడా పడుతుందమ్మా" అన్నాడు. కొబ్బరినూనె రాసి పది నిమిషాలు కష్టపడితే వచ్చింది. గడ్డం ఆనించి, నాలుక అంగిలికి పెట్టి, కదలకుండా నిలబడితే మిషన్ తల చుట్టూ తిరిగి పావు నిమిషంలో ఆగిపోయింది.

డాక్టరు గారు ఆ బొమ్మ పెద్ద స్క్రీన్ మీద పెట్టి పెన్నుతో చూపించారు. "ఈ రెండు తెల్ల గీతల మధ్య కింది పెదవికి స్పర్శ ఇచ్చే నరం వెళ్తుంది. మీ పంటి వేరు అడ్డొచ్చిన చోట పై గీత చెరిగిపోయింది, వేరు కూడా నల్లగా ఉంది, చూశారా?" ఓపీజీ చదును బొమ్మ. నరం బుగ్గవైపు ఉందో, నాలుకవైపు ఉందో అది చెప్పలేదు. అందుకే సీబీసీటీ, అదీ ఆ పన్ను ఉన్న మేరకే రాశారు. అందులో నరం నాలుకవైపు, వేరుకు ఆనుకుని కనిపించింది. మధ్యలో ఎముక పొర కూడా లేదు. దాంతో పంటి పైభాగం మాత్రం కోసి తీసి, వేర్లు అలాగే వదిలేశారు. పెదవికి ఏమీ కాలేదు.

కాబట్టి ఓపీజీలో వేరు నరానికి దూరంగా ఉంటే సీబీసీటీ అక్కర్లేదు, అనవసరంగా రేడియేషన్ ఎందుకు? దగ్గరగా ఉందంటే మాత్రం డబ్బుకు వెనకాడకండి. ఏది తీసినా "నరం ఎక్కడుందో చూపించండి" అని అడగండి. చూపించే ఓపిక లేని చోట నా పన్ను నేను పెట్టను.

ఇంకో మాట. స్కానింగ్ సెంటర్ వాళ్ళు నిగనిగలాడే కాగితం మీద నాలుగు బొమ్మలు ప్రింటు తీసి, మిగతావి వాట్సాప్ చేస్తామన్నారు. అలా పంపిన ఫొటోలతో ఇంకో డాక్టరు ఏం చూస్తారు? స్కాన్ మొత్తాన్ని ముక్క ముక్కగా తిప్పి చూడాలంటే అసలు ఫైళ్ళే కావాలి. నా దవడ, నా డబ్బు. పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చేదాకా అక్కడే కూర్చున్నాను. ఏడాది తర్వాత వదిలేసిన వేర్లు ఎంత కదిలాయో చూసినప్పుడు డాక్టరు గారు పక్కన పెట్టుకున్నది ఆ ఫైళ్ళనే.