తాళాలు ఇస్తామంటున్నారు, చేతిలో డబ్బు చాలడం లేదు

ప్రశ్న: నిజాంపేటలో 24,000 అద్దెకు ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగస్తులం, చేతికొచ్చే జీతం కలిపి 1,70,000. బాచుపల్లిలో 1,350 చదరపు అడుగుల ఫ్లాటు 80 లక్షలకు కొన్నాం. లోను 60 లక్షలు, వడ్డీ 8.5 శాతం. అందులో 54 లక్షలు బ్యాంకు ఇచ్చేసింది, ప్రీ-ఈఎంఐ (ఇచ్చిన సొమ్ము మీద వడ్డీ మాత్రమే) 38,250 కడుతున్నాం. మా వంతు 18 లక్షలు కట్టాం. ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, భవనంలో కాపురం ఉండొచ్చని అధికారులిచ్చే పత్రం) రెండు నెలల్లో వచ్చేస్తుందనీ, ఈలోగా మిగతా 8 లక్షలు కట్టి తాళాలు తీసుకుని ఇంటీరియర్ మొదలుపెట్టుకోమనీ బిల్డర్ అంటున్నాడు. ఇంటీరియర్‌కి 12 లక్షల కొటేషన్ ఇచ్చారు. ఎఫ్‌డీలు 9 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 5 లక్షలు ఉన్నాయి. 5 లక్షల చిట్టీ 19 నెలలు కట్టాం, ఇంకా ఆరు నెలలుంది, పాడుకోలేదు. ఆషాఢం వచ్చేలోపు గృహప్రవేశం అయిపోవాలని అత్తయ్యగారి పట్టు. 8 లక్షలు పర్సనల్ లోను తీసుకోవాలనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: వద్దండీ. మీకు తక్కువ పడుతున్నది డబ్బు కంటే ముందు సమయం. తాళాలు చేతికి వచ్చిన రోజుకీ, మీరు నిజంగా కాపురం పెట్టే రోజుకీ మధ్య రెండు మూడు నెలలు గడుస్తాయి. ఆ నెలల్లో పూర్తి ఈఎంఐ, అద్దె రెండూ కట్టాలి. కొత్త ఇంటికి వెళ్లే వాళ్లలో చాలామంది ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోరు. మీ ఉత్తరంలోనూ అది లేదు.

మీరు పంపిన ఖర్చుల పట్టీ ప్రకారం స్కూలు ఫీజులతో కలిపి ఇల్లు గడవడానికి నెలకు 60,000. డివిడెండ్ పోను చిట్టీ 18,000. చివరి విడత కూడా విడుదలైతే 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 52,070. దానికి అద్దె కలిపితే మొత్తం 1,54,000. అంటే జీతంలో మిగిలేది 16,000 లోపే. ఇప్పుడు 8 లక్షల పర్సనల్ లోను 13 శాతానికి, నాలుగేళ్లకు తీసుకున్నారనుకోండి. కిస్తీ 21,460 దాకా ఉంటుంది. నెల మొదట్లోనే ఐదున్నర వేలు తరుగు! పైగా నాలుగేళ్లలో వడ్డీకే 2.3 లక్షలు పోతాయి. వార్డ్‌రోబులకీ టీవీ యూనిట్‌కీ అంత వడ్డీ కట్టడం దేనికి?

అసలు చిక్కు ఓసీ దగ్గర ఉంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకుండా తాళాలు ఇవ్వడం హైదరాబాద్‌లో మామూలైపోయింది కానీ, దాని భారం పడేది కొనుక్కున్నవాళ్ల మీదే. భవన నిర్మాణ నిబంధనలున్న 2012 నాటి జీవో 168 ప్రకారం ఓసీ లేని భవనానికి కరెంటు, నీళ్లు, డ్రైనేజీ రెగ్యులర్ కనెక్షన్లు ఇవ్వకూడదు, లేదంటే ఓసీ చూపించేదాకా మూడు రెట్ల టారిఫ్ వసూలు చేయవచ్చు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టిగానే చెప్పింది. ఓసీ రాకముందే చేరిపోతే సొంత మీటరు ఉండదు, బిల్డర్ కనెక్షన్ మీదే నెట్టుకురావాలి. జలమండలి నీళ్ల బదులు ట్యాంకర్లు తెప్పించుకోవాలి. ఈ బిల్లులన్నీ చివరికి ఫ్లాట్ల వాళ్లే పంచుకోవాల్సి వస్తుంది.

కాబట్టి చివరి 8 లక్షల్లో బ్యాంకు ఇవ్వాల్సిన 6 లక్షలు ఓసీ వచ్చేదాకా విడుదల చేయించకండి. మీ వాటా 2 లక్షలు ఇచ్చి, ఇంటీరియర్ పనికి అనుమతి అడగండి. దాన్ని ఈ-మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట చాలదు. దీనివల్ల మీకు రెండు లాభాలు. ఆ 6 లక్షల మీద నెలకు 4,250 వడ్డీ పడదు, పూర్తి ఈఎంఐ కూడా అప్పుడే మొదలవదు. బిల్డర్‌కీ ఓసీ తెచ్చుకోవాలనే తొందర ఉంటుంది. డబ్బంతా ముట్టాక ఆ తొందర ఎందుకుంటుంది చెప్పండి? ఇళ్ల కొనుగోళ్లకు సంబంధించిన రెరా చట్టం ప్రకారం ఓసీ వచ్చాక రెండు నెలల్లోగా మీరు ఇల్లు స్వాధీనం చేసుకోవాలి. ఓసీ రాకముందే తీసుకుని తీరాలని ఆ చట్టం మిమ్మల్ని బలవంతపెట్టదు.

ఇంకో సంగతి కూడా కనుక్కోండి. అనుమతులిచ్చేటప్పుడు కట్టడంలో పదో వంతు విస్తీర్ణాన్ని బిల్డర్ అనుమతిచ్చిన సంస్థకు తనఖా పెట్టాలి. ఓసీ వచ్చాకే ఆ తనఖా విడుదలవుతుంది. మీ ఫ్లాటు ఆ పదో వంతులో ఉందేమో ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించి చూడండి. ఉంటే ఓసీ దాకా రిజిస్ట్రేషన్ మాట మర్చిపోవచ్చు.

ఇక తప్పనిసరి ఖర్చుల సంగతి. రిజిస్ట్రేషన్‌కి అన్నీ కలిపి ఏడున్నర శాతం లెక్కన 6 లక్షలు. చివరి విడత 8 లక్షల మీద జీఎస్టీ 5 శాతం, అంటే 40,000. "ఓసీ వచ్చాక కడితే జీఎస్టీ ఉండదట కదా" అని రాశారు. అది ఓసీ తర్వాతే కొని, డబ్బు మొత్తం ఆ తర్వాతే కట్టినవాళ్లకి. ముందే బుక్ చేసి విడతలు కట్టుకుంటూ వచ్చిన మీకు చివరి విడత మీద కూడా పడుతుంది. కార్పస్ ఫండు (అపార్ట్‌మెంటు ఉమ్మడి అవసరాలకు అందరూ వేసే నిధి) చదరపు అడుగుకు 50 చొప్పున 67,500. ఏడాది మెయింటెనెన్స్ అడ్వాన్సు జీఎస్టీతో కలిపి దాదాపు 67,000. మీ వాటా 2 లక్షలతో మొత్తం 9.75 లక్షలు. మీ దగ్గరున్న 14 లక్షల్లో ఇది పోగా మిగిలేది 4.25 లక్షలు. ఈ డబ్బు ముట్టుకోవద్దు. పూర్తి ఈఎంఐ మొదలయ్యాక మూడు నెలలకు సరిపడా ఆధారం అదొక్కటే. ఇద్దరూ ప్రైవేటు ఉద్యోగస్తులే కాబట్టి అది కూడా తక్కువే. చిట్టీ అయిపోయాక ఆరు నెలలకు పెంచుకోవాలి.

మరి ఇంటీరియర్? చిట్టీ పాడుకోండి. చివరి ఆరు నెలల్లో పోటీ తక్కువగా ఉంటుంది, పెద్దగా తగ్గించి పాడాల్సిన పని ఉండదు. కంపెనీ కమీషన్ పోను చేతికి 4.5 లక్షలు అటూ ఇటూగా వస్తుంది. ఇంకా కట్టాల్సింది లక్షా ఇరవై వేలే కాబట్టి జామీను దగ్గర కూడా అంత ఇబ్బంది పెట్టరు.

ఆ 4.5 లక్షల్లోనే ఇల్లు నివాసయోగ్యం చేసుకోవచ్చు. మీ కొటేషన్ మొత్తం చూశాను. వంటగది 2.8 లక్షలు, మూడు బెడ్‌రూముల వార్డ్‌రోబులు 3.6, ఫాల్స్ సీలింగ్ 1.4, మిగతా 4.2 లక్షలు టీవీ యూనిట్, క్రాకరీ యూనిట్, సోఫా వగైరాలకు. ఇప్పటికి వంటగదిలో గట్టు కింది భాగం మాత్రం చేయించండి. పై కప్‌బోర్డులు తర్వాత చూసుకోవచ్చు. అలా అయితే 1.9 లక్షల్లో తేలుతుంది. సింకు కింద మాత్రం పిసినారితనం వద్దు, నీళ్లకు తట్టుకునే బీడబ్ల్యూపీ ప్లైవుడ్డే వేయించండి. ఒక బెడ్‌రూములో వార్డ్‌రోబుకు 1.2 లక్షలు. ఫ్యాన్లు, గీజర్లు, దోమల మెష్, బాల్కనీ గ్రిల్లు, కర్టెన్లకు 90,000. మొత్తం 4 లక్షలు. మిగతా రెండు గదుల్లో ఇప్పుడున్న బీరువాలు ఇంకో ఏడాది బాగానే పనికొస్తాయి. ఫాల్స్ సీలింగ్ నా మటుకు అనవసరం. మీకు కావాలనిపిస్తే ఒక్క హాలుకు ఇప్పుడే చేయించండి, కాపురం ఉంటూ చేయిస్తే ఆ దుమ్ముతో వేగలేరు. ఇంటీరియర్ వాళ్లు సగం డబ్బు ముందే అడుగుతారు. పది శాతంతో ఆర్డరిచ్చి, మిగతాది చెక్క సైటుకు వచ్చాక, బిగించాక, చివర్లో అని విడదీయండి. చిట్టీ డబ్బు ఆలస్యమైతే బంగారం మీద కొన్నాళ్లు అప్పు తెచ్చుకున్నా పర్సనల్ లోను కంటే నయం.

మీ లెక్కలో గృహప్రవేశం ఖర్చు అస్సలు కనిపించలేదు. అత్తయ్యగారికి కోపం రాకుండా ఓ మాట: ముహూర్తం వేరు, మకాం మార్చడం వేరు. ఆషాఢం లోపు మంచి రోజు చూసి, బిల్డర్ అనుమతితో హోమం చేయించి, పాలు పొంగించి, ఆ రాత్రి నిద్ర చేసి తిరిగి నిజాంపేట వచ్చేయండి. చాలామంది అలాగే చేస్తారు, పురోహితులూ అభ్యంతరం చెప్పరు. దగ్గరివాళ్లు నలభై మందితో ఆ పూట 60,000లో ముగించండి. చిట్టీ డబ్బులో మిగిలే 50,000కి జీతంలోంచి కొంచెం కలిపితే సరిపోతుంది. అందరినీ పిలిచే భోజనాలు తర్వాత సత్యనారాయణ వ్రతానికి పెట్టుకోండి, అప్పటికి లిఫ్టులూ నీళ్లూ కూడా సరిగ్గా ఉంటాయి. చదివింపులు వస్తాయి కదా అని ముందే ఖర్చు పెట్టకండి.

ప్రస్తుతం ఉంటున్న ఇంటి ఓనర్‌కి నోటీసు ఎప్పుడివ్వాలి? ఓసీ వచ్చి, మీ పేరున మీటరు బిగించి, వంటగట్టు తయారయ్యాకే. ఇంకో నెల అద్దె పోయినా పోయేది 24,000. ఖాళీ చేశాక ఇల్లు సిద్ధం కాకపోతే సామాను గోడౌన్‌లో, పిల్లలు బంధువుల ఇంట్లో, మీకు రోజూ టెన్షన్! అద్దె ఇంటి అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరుతో ఓ నెల అద్దె కోసుకోవడం ఇక్కడ మామూలే, ఆ అడ్వాన్సు మొత్తం తిరిగొస్తుందని లెక్క వేసుకోవద్దు.

తాళాలు తీసుకునేటప్పుడు "అన్నీ సరిగ్గా ఉన్నాయి" అని ఓ కాగితం మీద సంతకం అడుగుతారు. పెట్టకముందు ఓ బకెట్టు తీసుకెళ్లండి. ప్రతి బాత్‌రూములో తలుపు దగ్గర నిండు బకెట్టు నీళ్లు కుమ్మరించి చూడండి. నీళ్లు జాలీ వైపు పరుగెత్తాలి, గడప దగ్గరో మూలలోనో నిలిస్తే వాలు తప్పినట్టే. ఓ అరగంటాగి కింది ఫ్లాటు వాళ్ల బాత్‌రూము కప్పు చూడండి, తడి మచ్చ కనిపిస్తే అక్కడే ఫోటో తీయండి. టైల్స్‌ని రూపాయి బిళ్లతో తడితే బోలు శబ్దం వచ్చినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఇదంతా ఇంజినీరు పని కదా అనుకోకండి. ఇంటీరియర్ బిగించాక బాత్‌రూము పగలగొట్టాల్సి వస్తే ఆ ఖర్చు మీదే అంటారు. నిర్మాణ లోపాలు ఐదేళ్లలోపు బయటపడితే బిల్డర్ ఉచితంగా బాగు చేయాలని రెరా చెబుతోంది కానీ, సంతకం పెట్టకముందు రాసిచ్చిన జాబితాకు ఉన్న బలమే వేరు.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇంటి ధర 50 లక్షలు దాటింది కాబట్టి బిల్డర్‌కి వెళ్లే ప్రతి విడతలోనూ ఒక శాతం టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసే పన్ను) మినహాయించి ప్రభుత్వానికి మీరే కట్టాలి, బ్యాంకు ఇచ్చే సొమ్ముకీ ఇది వర్తిస్తుంది. పాత విడతలకు కట్టారో లేదో వెంటనే చూసుకోండి, ఆలస్యానికి వడ్డీ, ఫీజు పడతాయి. కొత్త పన్ను విధానంలో ఉంటే సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీకి మినహాయింపు రాదు. పాత విధానంలో అయితే ఒక్కొక్కరికి 2 లక్షల దాకా వస్తుంది. ఇన్నాళ్లూ కట్టిన ప్రీ-ఈఎంఐ వడ్డీని కూడా ఆ పరిమితిలోనే ఐదు సమాన వాయిదాల్లో చూపించుకోవచ్చు. కానీ ఇద్దరూ వాడుకోవాలంటే లోనులో పేరుంటే చాలదు, ఇంటి యజమానులుగానూ ఇద్దరి పేర్లు ఉండాలి. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు కాబట్టి అగ్రిమెంటులో ఎవరి పేర్లున్నాయో ఇప్పుడే చూసుకోండి.

చివరి విడత విడుదల చేసేటప్పుడు బ్యాంకు వాళ్లు లోనుకు ఇన్సూరెన్స్ అంటూ ఒకేసారి కట్టే ప్రీమియాన్ని లోనులోనే కలిపేస్తామంటారు. ఒప్పుకోవద్దు. ఆ ప్రీమియం మీద 20 ఏళ్లు వడ్డీ కట్టాల్సి వస్తుంది. ఇద్దరూ విడివిడిగా మామూలు టర్మ్ పాలసీలు తీసుకుని, ఏటేటా ప్రీమియం కట్టుకోండి.