అమెరికాలో ఫెడరల్ జిల్లా జడ్జి కావాలంటే ఏ పరీక్ష రాయాలి?

మీ అమ్మాయి ఇక్కడ లా స్కూల్ రెండో ఏడాదిలో ఉందనీ, ఫెడరల్ జిల్లా జడ్జి (అంటే రాష్ట్ర కోర్టుల్లో కాక, దేశ స్థాయి కోర్టుల్లో కేసులు విచారించే జడ్జి) అవ్వాలనుకుంటోందనీ రాశారు. దానికి పరీక్షంటూ ఏదీ లేదండి. మన దగ్గర జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకి పడినట్టు నోటిఫికేషన్ పడదు. ప్రెసిడెంట్ నామినేట్ చేయాలి, సెనేట్ ఆమోదించాలి. ఒకసారి కూర్చున్నాక రిటైర్మెంట్ వయసు లేదు. రాజ్యాంగంలో కనీస అర్హతలు కూడా రాయలేదు, లా డిగ్రీ సైతం.

లా స్కూల్ అయ్యాక నేను ఒక ఫెడరల్ జిల్లా జడ్జి దగ్గర లా క్లర్కుగా, అంటే కేసుల పనిలో సాయపడే సహాయకుడిలా, చేశాను. మీ అమ్మాయినీ ముందు దానికే అప్లై చేయమంటాను. ఇరుపక్షాల వాదనలు చదివి నేను ఆర్డర్ డ్రాఫ్ట్ చేసిస్తే, "ఇది రికార్డులో ఎక్కడుంది?" అని మార్జిన్‌లో రాసి వెనక్కి పంపేవారు. శిక్ష వేసే ముందు ముద్దాయి ఇంటివాళ్లు రాసిన ఉత్తరాలన్నీ మాకు వదిలేయకుండా తానే చదివేవారు. తీర్పు చెప్పడమంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఆ తర్వాత దారులు చాలా ఉన్నాయి. అమూల్ థాపర్ ఫెడరల్ ప్రాసిక్యూటర్‌గా చేసి 2008లో కెంటకీలో జిల్లా జడ్జి అయ్యారు. అరుణ్ సుబ్రమణియన్ సుప్రీంకోర్టులో జస్టిస్ గిన్స్‌బర్గ్ దగ్గర క్లర్కుగా, తర్వాత ప్రైవేటు లా ఫర్మ్‌లో చేసి, 2023లో న్యూయార్క్‌లో జడ్జి అయ్యారు. పబ్లిక్ డిఫెండర్లు (లాయర్ని పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించేవాళ్లు), రాష్ట్ర కోర్టుల జడ్జీలు కూడా వస్తారు. జిల్లా జడ్జీల పనిలో కొంత చూసే మేజిస్ట్రేట్ జడ్జి పోస్టుకైతే నేరుగా అప్లై చేసుకోవచ్చు. కనీసం ఐదేళ్లు లాయరుగా బార్‌లో ఉండాలి. జిల్లా జడ్జీలే ఎంపిక చేస్తారు, ఎనిమిదేళ్ల పదవి. అక్కడినుంచి జిల్లా జడ్జీలైనవాళ్లు చాలామందే ఉన్నారు.

రాజకీయం లేదని చెప్పను. సొంత రాష్ట్రపు సెనేటర్లు ఒప్పుకోకపోతే నామినేషన్ సాధారణంగా ముందుకు కదలదు. అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది ఇంకొకటుంది. నామినీ నింపే సెనేట్ ప్రశ్నావళిలో తాను వాదించిన పది ముఖ్యమైన కేసులు రాయాలి, ఒక్కోదానికీ ఎదుటి పక్షం లాయర్ల పేర్లతో సహా. వాళ్లకి ఫోన్లు చేసి మనిషి ఎలాంటివారో కనుక్కుంటారు. అంటే మీ అమ్మాయి మొదటి కేసులో గడువు పొడిగించమని బతిమాలిన ఎదుటి లాయరే ఇరవై ఏళ్ల తర్వాత ఆమె గురించి చెప్పొచ్చు.

క్లర్క్‌షిప్‌కి న్యూయార్క్, వాషింగ్టన్ మాత్రమే చూసుకోవద్దనండి. చిన్న ఊళ్లలోని ఫెడరల్ కోర్టులకీ పంపమనండి, ట్రయల్ పని అక్కడా బాగా నేర్చుకోవచ్చు.